బస్తీ పిల్లలకు మేం చెప్పే పాఠాన్ని పనిగా గుర్తించండి: వైస్ ఛాన్సలర్లకు, ఇంటర్ విద్య అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన విశ్వవిద్యాలయాల వైస్ ఛాన్సలర్లకు, ఉన్నత విద్య, ఇంటర్మీడియట్ విద్య ఉన్నతాధికారులకు,

నమస్కారం.

ఇందులోని విషయాలన్నీ మొదట వినతిపత్రంగానే రాసి ఇచ్చాం. ఇన్‌వార్డ్ సెక్షన్‌లో స్టాంపు వేసి నంబరు రాసిచ్చారు. తర్వాత వెళ్ళి అడిగితే ఫైలు "పైన ఉంది" అన్నారు. మళ్ళీ అడిగితే "కింది నుంచి రిమార్క్స్ రావాలి" అన్నారు. ఈలోగా విద్యా సంవత్సరం గడిచిపోయింది. ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్) అయిపోయింది, డిగ్రీ అడ్మిషన్లు కూడా అయిపోయాయి. అప్పుడు సెకండియర్‌లో ఉన్న పిల్లలకు ఇక ఆ ఫైలుతో పనిలేదు. తర్వాతి బ్యాచ్‌కైనా పనికొస్తుందని ఇలా అందరి ముందూ రాస్తున్నాం.

మేం హైదరాబాద్‌లోని వేర్వేరు యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ, ఎమ్మెస్సీ, ఎంఏ, ఎంటెక్ చేస్తున్న విద్యార్థులం. సాయంత్రాలు, ఆదివారాలు ప్రభుత్వ జూనియర్ కాలేజీల పిల్లలకు పాఠాలు చెబుతున్నాం. వాళ్ళు మాణికేశ్వర్ నగర్, అడ్డగుట్ట, రసూల్‌పురా, బోరబండ లాంటి బస్తీల పిల్లలు. తండ్రి ఆటో నడుపుతాడు, సెంట్రింగ్ పనికి పోతాడు. తల్లి నాలుగిళ్ళలో పనిచేస్తుంది. ఇంట్లో ఇంటర్ దాకా వచ్చింది చాలామంది విషయంలో ఆ పిల్లే, ఆ పిల్లాడే. ఫిజిక్స్, మ్యాథ్స్, ఇంగ్లిష్, ఎకనమిక్స్ చెబుతాం. ఎంసెట్‌కు, సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీకి ప్రాక్టీస్ చేయిస్తాం. ఏ కోర్సు చదివితే ఏమవుతుందో చెబుతాం, అప్లికేషన్లు నింపిస్తాం. మాలో ఎక్కువమందిమి ఇలాంటి కాలేజీల నుంచే వచ్చాం.

శాలువాలు, సర్టిఫికెట్లు అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. జాతీయ సేవా పథకం రోజున వేదికెక్కించి "యువత స్ఫూర్తి" అంటారు. తెల్లారి అదే కాలేజీలో గది తాళం అడిగితే "మీకు పర్మిషన్ లెటరేదీ?" అంటారు. మా కోరిక ఒకటే. ఇది పని. పనికి ఉండాల్సిన ఉత్తర్వు, గది, సమయం, బాధ్యత, అవసరమైనవాళ్ళకు కాస్త డబ్బు, ఇవన్నీ దీనికీ ఉండాలి. అవి లేకపోవడం వల్ల పిల్లలకు జరుగుతున్న నష్టం ముందు చెప్పి, తర్వాత మా డిమాండ్లు పెడతాం.

1. పరీక్ష ముందు కాలేజీ మూతబడుతుంది.

మొదట చెప్పాల్సింది ఇదే. ఇంటర్ పరీక్షలు మార్చికల్లా అయిపోతాయి. ఆ వెంటనే ప్రభుత్వ జూనియర్ కాలేజీలకు వేసవి సెలవులు, మళ్ళీ తెరిచేది జూన్‌లో. ఎంసెట్ వచ్చేది ఏప్రిల్ చివర, మే నెలలో. సీయూఈటీ కూడా మే నెలలోనే. అంటే ఒక పిల్లకు రోజుకు ఎనిమిది గంటలు కూర్చుని ప్రాక్టీస్ చేయాల్సిన రోజులు వచ్చేసరికి ఆమె కాలేజీకి తాళం పడుతుంది. కార్పొరేట్ కాలేజీలో అదే నెలలో పొద్దున ఆరింటి నుంచి రాత్రి దాకా గ్రాండ్ టెస్టులు నడుస్తుంటాయి. గురుకుల పిల్లలకు కనీసం గౌలిదొడ్డి లాంటి చోట్ల హాస్టల్, కోచింగ్ ఉన్నాయి. ఇంటి నుంచి వచ్చి చదువుకునే బస్తీ పిల్లలకు రెండూ లేవు. ఒక గది, పైన రేకులు, ఏప్రిల్ ఎండ, పక్కింటి టీవీ, అందులో కూర్చుని చదవాలి.

తెలంగాణలో 2023 నుంచి ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు ఉన్న 25 శాతం వెయిటేజీ తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో అది ఉంది. తీసేయడం మంచిదా చెడ్డదా అన్నదాని మీద మాలో మాకే వాదనలున్నాయి, ఆ గొడవ ఇక్కడ వద్దు. జరిగిందేమిటంటే, ఇప్పుడు ర్యాంకంతా ఆ మూడు గంటల్లోనే తేలుతుంది. 160 ప్రశ్నలు. ఇంజినీరింగ్ వాళ్ళకు మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. అంతా కంప్యూటర్ మీద.

మా దగ్గరికి వచ్చే చాలామంది అసలు మౌస్ పట్టుకునేది పరీక్ష హాల్లోనే. కాలేజీలో కంప్యూటర్లు లేక కాదు. ఒక కాలేజీలో ల్యాబ్ ఉంది, అందులో కంప్యూటర్లున్నాయి, మీద కప్పిన ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. తాళం చెవి ఉన్న సార్ డెప్యుటేషన్ మీద వేరే చోటికి వెళ్ళారు. దాంతో మా వాళ్ళలో ఒకరు సొంత ల్యాప్‌టాప్ తెచ్చి పిల్లల చేత వంతులవారీగా మాక్ టెస్ట్ రాయించారు. ఎంపీసీ కుర్రాడు ఒకడు ముప్పైకి పైగా ప్రశ్నలు ఖాళీగా వదిలేశాడు. ఎందుకురా అంటే, "తప్పయితే మార్కులు కట్ అయితయ్ గదన్నా" అన్నాడు. ఎంసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు. ఆ సంగతి కార్పొరేట్ కాలేజీ పిల్లలకు ఫస్టియర్‌లోనే తెలుస్తుంది. వీడికి చెప్పే దిక్కు లేదు. రెండేళ్ళు చదివిన పిల్లాడు అంత చిన్న సంగతి తెలియక వేల ర్యాంకులు వెనక్కి పోయేవాడు.

ర్యాంకు పడిపోతే ఏమవుతుందో మీకు తెలుసు. కన్వీనర్ కోటా 70 శాతం సీట్లలో మంచి కాలేజీ చేజారుతుంది. దొరికింది ఊరవతల ఏదో కాలేజీ, అక్కడ ఫ్యాకల్టీ ఉండరు, ప్లేస్‌మెంట్ ఉండదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని సర్టిఫికెట్లు ఆపేసే కాలేజీల సంగతి రోజూ పేపర్లో చూస్తున్నదే. నాలుగేళ్ళ తర్వాత ఆ పిల్లాడి చేతిలో డిగ్రీ కూడా ఉండదు, కాలేజీ బీరువాలో ఉంటుంది.

2. సీటు మార్కుల్లో పోవడం లేదు, కాగితాల్లో పోతోంది.

సీఈసీ, హెచ్‌ఈసీ పిల్లల గురించి ఎవరూ మాట్లాడరు. కోచింగ్ అంటే ఎంపీసీ, బైపీసీ అనే అనుకుంటారు. కానీ 2022లో సీయూఈటీ వచ్చాక ఈ పిల్లలకు నిజంగానే ఒక దారి తెరుచుకుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ కోర్సు దగ్గర్నుంచి ఢిల్లీ యూనివర్సిటీ దాకా ఒకే పరీక్షతో ప్రయత్నించొచ్చు. ఆ పరీక్ష 13 భాషల్లో ఉంది, తెలుగు కూడా అందులో ఒకటి. హిస్టరీ పేపరు తెలుగులో రాయొచ్చని మేం చెప్పేదాకా మా సెంటర్‌లో ఒక్కరికీ తెలియదు. లెక్చరర్లను తప్పుపట్టడం లేదు. వాళ్ళ మీద ఉన్న పని మాకు తెలుసు.

అసలు చిక్కు అప్లికేషన్ దగ్గర. తార్నాకలో ఇళ్ళల్లో పనిచేసే ఒకామె కూతురు, సీఈసీ, చాలా చురుకైన పిల్ల. ఆమె చేతిలో మీసేవలో తీసుకున్న బీసీ-డి సర్టిఫికెట్ ఉంది. మొన్ననే వచ్చింది, లామినేషన్ కూడా చేయించుకుంది. కానీ సెంట్రల్ యూనివర్సిటీకి అది చెల్లదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ వేరే తీసుకోవాలి, అది ఏ ఆర్థిక సంవత్సరానిదో కూడా చూస్తారు. దాని కోసం తహసీల్దార్ ఆఫీసుకు వెళ్తే ఆదాయం సర్టిఫికెట్ అడిగారు. అది తెచ్చుకుంటే ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పదో తరగతి మెమోలో మొదటి అక్షరమే ఉంది, ఇద్దరూ ఒకరే అని రుజువేంటి అన్నారు. తల్లి రెండు పూటల పని మానుకుంది. మానుకున్న పూటకు జీతం కోత. ఇదంతా ఇంటర్ పరీక్షల టెన్షన్ మధ్యలో. చివరికి మాలో ఒక అక్క పిల్లతో పాటు కౌంటర్ దగ్గర నిలబడితే పని అయింది. అక్క అన్నది పిల్లల మాట. ఆమె సోషియాలజీలో పీహెచ్‌డీ చేస్తున్న స్కాలర్, ఆ రోజు ఆమె సెమినార్ పోయింది.

డిగ్రీకి ఆన్‌లైన్ అడ్మిషన్ల విధానం దోస్త్ ఉంది కదా అంటారు. 2016 నుంచి ఉంది, మంచి ఏర్పాటే. కాకపోతే దానికి ఆధార్‌తో లింకైన ఫోన్ నంబరు కావాలి. బస్తీ ఇళ్ళల్లో ఆ నంబరు ఎప్పుడో తండ్రి వాడి వదిలేసిన సిమ్‌ది అయి ఉంటుంది. నంబరు మార్పించుకునేలోగా మొదటి విడత అయిపోతుంది. మొదటి విడతలో 200 రూపాయల రిజిస్ట్రేషన్ ఫీజు, తర్వాతి విడతలకు 400. ఇంటర్నెట్ సెంటర్ వాడు వెబ్ ఆప్షన్లు తనకు తోచినట్టు పెట్టేసి పంపుతాడు. ఇంటి పక్కన ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉండగా ఎక్కడో ప్రైవేటు కాలేజీలో సీటొచ్చిన పిల్లలను చూశాం. అలా వచ్చినవాళ్ళు ఒక సెమిస్టర్ వెళ్ళి మానేస్తారు. మీ లెక్కల్లో వాళ్ళు "అడ్మిషన్ పొందినవారు".

3. ఆడపిల్లల చదువు ఎవరో ఒక అక్క మాట మీద ఆగి ఉంది.

2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం. అడ్డగుట్ట నుంచి గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీకి టికెట్ ఖర్చు లేదు. కానీ రెండు బస్సులు మారాలి, ట్రాఫిక్‌లో ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు, చీకటి పడుతుంది. ఇంట్లో ఒప్పుకోరు. ఆ ఇంటికెళ్ళి, "అమ్మా, హాస్టల్ ఉంటుంది, నేనూ అక్కడే ఉంటున్నా, మీ పాపను నేను చూసుకుంటా" అని చెప్పడానికి అదే క్యాంపస్‌లో చదివే అమ్మాయి కావాలి. ఏ కౌన్సెలింగ్ వెబ్‌సైటూ ఆ పని చేయలేదు. పద్దెనిమిది నిండకుండా సంబంధాలు చూడడం మొదలైన ఇళ్ళలో ఈ మాట పెళ్ళిని కూడా వాయిదా వేయించింది. మాలో ఆడవాళ్ళు తక్కువ. ఉన్నవాళ్ళు రాత్రి ఎనిమిదికి బస్తీ నుంచి హాస్టల్‌కు తిరిగి వస్తే గేటు దగ్గర రిజిస్టర్‌లో "లేటు, కారణం" అని రాయించుకుంటారు.

4. పాఠం చెప్పే అన్నలు మధ్యలో మాయమైపోతారు.

ఈ నింద మా మీదే. కానీ దాని వెనక ఉన్నది చూడండి. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (నెట్ పరీక్షతో వచ్చే పరిశోధన ఫెలోషిప్) నెలకు 37,000. అది వచ్చేవాళ్ళకు ఇబ్బంది లేదు. సెంట్రల్ యూనివర్సిటీలో నెట్ లేకుండా చేరిన స్కాలర్‌కు నెలకు 8,000, అది ఏళ్ళ తరబడి అక్కడే ఉంది. 2015లో దాన్ని కూడా ఆపేస్తామంటే దేశమంతా విద్యార్థులు యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) ముందు కూర్చోవాల్సి వచ్చింది. రాష్ట్ర యూనివర్సిటీలో ఫెలోషిప్ లేని స్కాలర్‌కు ఆ 8,000 కూడా లేదు. అతను పగలు ప్రైవేటు కాలేజీలో పార్ట్‌టైమ్ చెప్పుకోవాలి, సాయంత్రం గ్రూప్స్‌కు చదువుకోవాలి, మెస్ బిల్లు కట్టాలి. బస్తీ పిల్లల భాషా, బాధా ఎక్కువ తెలిసింది అతనికే. ముందు మానేయాల్సి వచ్చేదీ అతనే.

డిసెంబర్‌లో మా ఫిజిక్స్ స్కాలర్ ల్యాబ్ పని మీద వేరే రాష్ట్రం వెళ్ళాడు. సెకండియర్ ఎలక్ట్రోస్టాటిక్స్ సగంలో ఆగింది. ఇంకో మనిషి దొరికేసరికి ప్రీ-ఫైనల్స్. పదిమంది పిల్లల్లో కొందరు రావడం మానేశారు. ఒకడు క్యాటరింగ్‌కు పోతున్నాడని తర్వాత తెలిసింది. సీజన్‌లో రాత్రికి చేతిలో డబ్బులు పడతాయి, ఆ అలవాటు పడ్డాక క్లాసులోకి తిరిగి తేవడం కష్టం.

5. చట్టం దారి ఇచ్చింది, మీరు వాడటం లేదు.

పీహెచ్‌డీ ప్రమాణాల మీద యూజీసీ 2022 నవంబర్‌లో ఇచ్చిన నిబంధనలు చూడండి. ఏ సబ్జెక్టు స్కాలరైనా తన పరిశోధన కాలంలో బోధనలో శిక్షణ పొందాలి అని అందులో ఉంది. ట్యుటోరియల్, ల్యాబ్, మూల్యాంకనం లాంటి పనులకు వారానికి 4 నుంచి 6 గంటలు కేటాయించవచ్చని కూడా ఉంది. మేం అడుగుతున్నది ఆ గంటలే. వాటిని డిపార్ట్‌మెంట్‌లో ఇన్విజిలేషన్‌కు, సెమినార్ కుర్చీలు వేయడానికి, గైడ్ గారి పేపర్లు దిద్దడానికి వాడుతున్నారు. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ట్యుటోరియల్ చెబితే అది బోధన ఎందుకు కాదు?

మా గైడ్లలో మంచివాళ్ళున్నారు. కానీ ఆరు నెలలకోసారి రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు కూర్చున్నప్పుడు ఈ పని గురించి చెబితే, "సమాజసేవ తర్వాత చేద్దువుగానీ, పేపర్ ఎప్పుడిస్తావ్?" అన్న ప్రశ్నే వస్తుంది. కాగితం మీద ఈ పనికి పేరు లేదు కాబట్టి గైడ్ అడిగింది తప్పని కూడా అనలేం.

6. పిల్లల భద్రతకు ఎవరూ జవాబుదారీ కాదు.

మేమే ఈ మాట అంటున్నాం, గమనించండి. మా దగ్గరికి వచ్చేది పదిహేను, పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు. ఇప్పుడు మా గుర్తింపు కార్డు ఎవరూ చూడరు. పోలీసు వెరిఫికేషన్ లేదు. ఒక పెద్దమనిషి ఫోన్ చేసి మంచివాళ్ళే అంటే గది ఇచ్చేస్తారు. ఇవాళ వచ్చింది మేం, రేపు ఎవరొస్తారో? 2021 అక్టోబర్‌లో ఢిల్లీ ప్రభుత్వం "దేశ్ కే మెంటర్" అని ఒక కార్యక్రమం పెట్టింది. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి పిల్లలకు యువత ఫోన్‌లో మార్గదర్శనం చేయాలి. మెంటర్లకు పోలీసు వెరిఫికేషన్ లేదని జాతీయ బాలల హక్కుల కమిషన్ అభ్యంతరం చెప్పి, ఆపమంది. ఆ గొడవలో రాజకీయం ఎంత, ఆందోళన ఎంత అన్నది పక్కన పెడితే, అడిగిన ప్రశ్న సరైనదే. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం 2012 నుంచి ఉంది. పిల్లల మధ్య పనిచేసే మాకు దాని మీద ఒక్క పూట శిక్షణ ఇచ్చినవాళ్ళు లేరు.

ఇంకోటి. పిల్లలు మ్యాథ్స్‌తో మొదలుపెట్టి ఇంట్లో సంగతులు చెబుతారు. తాగొచ్చి కొట్టడం, ఇంటద్దె, ఫెయిలైతే ఏం చేయాలన్న భయం. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తప్పుల తర్వాత ఈ రాష్ట్రం ఎంతమంది పిల్లలను పోగొట్టుకుందో మనందరికీ గుర్తుంది. అలాంటి మాట విన్నప్పుడు పిల్లల హెల్ప్‌లైన్ 1098కో, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కో ఫోన్ చేయమని చెప్పగలం. ఆ తర్వాత ఆ పిల్లను కూర్చోబెట్టి మాట్లాడే కౌన్సెలర్ ఎక్కడున్నారు? ఇరవై ఐదేళ్ళ కెమిస్ట్రీ స్కాలర్ మోయగలిగిన బరువు కాదది.

7. లెక్చరర్ల స్థానంలో మమ్మల్ని వాడొద్దు.

రాష్ట్రంలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలు నాలుగు వందలకు పైగా ఉన్నాయి. చాలాచోట్ల గెస్ట్ లెక్చరర్లే క్లాసులు నడుపుతున్నారు, పీరియడ్ లెక్కన జీతం, ఏటా రెన్యువల్ భయం. ఒక చోట మమ్మల్ని చూసి, "మీరున్నారు కదా, ఫిజిక్స్ గెస్ట్ పోస్టు ఈ ఏడాదికి వద్దులే" అన్న మాట మా చెవిన పడింది. అలా అయితే రేపటి నుంచి మేం రాము. ఆ గెస్ట్ లెక్చరర్‌ది కూడా మాలాంటి పీజీ చదువే, అతని ఇంట్లో కూడా మా ఇంట్లో ఉన్న కష్టాలే.

ఇక మా మీద వచ్చిన సలహా ఒకటి చెప్పాలి. "మీరు ఎన్జీవోగా రిజిస్టర్ చేసుకుని రండి, ఎంఓయూ చేసుకుందాం" అన్నారు. ప్రభుత్వ యూనివర్సిటీ విద్యార్థి ప్రభుత్వ జూనియర్ కాలేజీలోకి వెళ్ళడానికి మధ్యలో సొసైటీ రిజిస్ట్రేషన్ ఎందుకు? రెండు చోట్లా ఖర్చు పెట్టేది ఒకే ఖజానా. ఇది ప్రపంచంలో ఎక్కడా లేని వింత కూడా కాదు. అమెరికాలో అప్‌వర్డ్ బౌండ్ అని 1965 నుంచి నడుస్తోంది. పేద ఇళ్ళ నుంచి, తల్లిదండ్రులకు డిగ్రీ లేని ఇళ్ళ నుంచి వచ్చిన హైస్కూల్ పిల్లలను వేసవిలో ఆరు వారాలు క్యాంపస్‌కు తీసుకొచ్చి చదివిస్తారు. డబ్బు కేంద్ర ప్రభుత్వానిది. అక్కడా దానికి 2025లో బడ్జెట్ ప్రతిపాదనల్లో కోత ముప్పు వచ్చింది, అదో కథ. కానీ అరవై ఏళ్ళు అది నిలబడింది, మనుషుల మంచితనం మీద కాక చట్టం మీద, బడ్జెట్ మీద నిలబడింది కాబట్టే.

మా డిమాండ్లు ఇవి:

1. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో చెప్పే ట్యుటోరియల్‌ను యూజీసీ నిబంధనలోని 4 నుంచి 6 గంటల కింద లెక్కించాలి. యూనివర్సిటీలు దీనిపై రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. పీజీ విద్యార్థులకు సమాజ భాగస్వామ్య కోర్సు కింద రెండు క్రెడిట్లు ఇవ్వాలి. రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు పెట్టే ప్రోగ్రెస్ రిపోర్టులో ఈ పనికి ఒక కాలమ్ ఉండాలి. గైడ్‌ను ఒప్పించడం ప్రతి స్కాలర్ సొంత తలనొప్పి కాకూడదు.

2. ఫెలోషిప్ లేనివాళ్ళకు గంటల లెక్కన గౌరవ వేతనం, బస్సు పాసు ఇవ్వాలి. జేఆర్‌ఎఫ్ వచ్చేవాళ్ళకు అక్కర్లేదు, మేమే చెబుతున్నాం.

3. ఏప్రిల్, మే నెలల్లో ప్రతి నియోజకవర్గంలో కనీసం ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీ తెరిచి ఉంచాలి. పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా చాలు, ఎండకు ముందు. కంప్యూటర్ ల్యాబ్ తాళం ప్రిన్సిపల్ దగ్గరే ఉండాలి. సెలవుల్లో పనిచేసే వాచ్‌మన్‌కు, స్వీపర్‌కు ఆ రోజుల జీతం అదనంగా ఇవ్వాలి. ఇది రాయకపోతే తాళం తీసేది వాళ్ళే కాబట్టి ఉత్తర్వు వచ్చినా గది తెరుచుకోదు.

4. ప్రతి నవంబర్‌లో కాలేజీలోనే సర్టిఫికెట్ల క్యాంపు పెట్టాలి. ఆదాయం, కులం, ఈడబ్ల్యూఎస్, కేంద్ర నమూనా ఓబీసీ, ఏది ఎవరికి కావాలో చెప్పే మనిషి ఉండాలి. ఆధార్ పేరు, పదో తరగతి మెమో పేరు కలవని పిల్లల జాబితా ఫస్టియర్‌లోనే తీయాలి. ఫోన్ నంబరు మార్పు అక్కడే జరగాలి. కొత్త ఏడాది కాగితం మళ్ళీ కావాల్సినవాళ్ళకు ఏప్రిల్‌లో ఒక రోజు ఇవ్వాలి.

5. పిల్లల మధ్యకు వచ్చే ప్రతి ఒక్కరికీ పోలీసు వెరిఫికేషన్, ఫొటో గుర్తింపు కార్డు, పోక్సో మీద శిక్షణ తప్పనిసరి చేయాలి. గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి, అమ్మాయిలున్న చోట ఒక మహిళా స్కాలర్ ఉండాలి. ఆమె హాస్టల్‌కు ఆలస్యంగా వస్తే సంజాయిషీ అడగకూడదు, క్యాంపస్ వాహనం పంపాలి. నాలుగైదు కాలేజీలకు కలిపైనా ఒక కౌన్సెలర్‌ను వేయాలి.

6. ఒక సబ్జెక్టు ఒప్పుకున్న స్కాలర్ విద్యా సంవత్సరం మధ్యలో వెళ్ళాల్సి వస్తే, ఆ డిపార్ట్‌మెంటే ఇంకొకరిని పంపాలి. బాధ్యత డిపార్ట్‌మెంట్‌ది కావాలి.

7. ఈ కార్యక్రమాన్ని సాకుగా చూపి ఏ లెక్చరర్ పోస్టునూ, గెస్ట్ పోస్టునూ తగ్గించబోమని అదే ఉత్తర్వులో ఉండాలి. అది లేని ఉత్తర్వు మాకు వద్దు.

వీటిలో ఒకటి, ఏడు డిమాండ్లకు రూపాయి ఖర్చు లేదు, సంతకం చాలు. మూడో దానికి ఒక్కో కాలేజీకి రెండు నెలల కరెంటు బిల్లు, ఇద్దరు ముగ్గురి జీతం. డబ్బు లేదన్న జవాబు వీటికి కుదరదు.

జూన్‌లో జూనియర్ కాలేజీలు తెరిచే లోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. కుదరదంటే ఏది, ఎందుకు కుదరదో అదైనా రాయండి, మాట్లాడుకుందాం. మమ్మల్ని పిలిస్తే ఇద్దరు ముగ్గురు పిల్లల తల్లులను కూడా తీసుకొస్తాం, కౌంటర్ల దగ్గర వాళ్ళు పడ్డ తిప్పలు వాళ్ళ నోటే వినండి.

ఈలోగా క్లాసులు ఆపం. పాత వినతిపత్రం ఇన్‌వార్డ్ నంబరు పెట్టి, ఆ ఫైలు ఇప్పుడు ఏ టేబుల్ మీద ఉంది, ఎవరెవరు ఏ తేదీన ఏం రాశారు అని సమాచార హక్కు చట్టం కింద అడుగుతూ దరఖాస్తు సిద్ధం చేశాం. చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు రావాలి. తర్వాత వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో వినతులు తీసుకునే ప్రజావాణికి పిల్లల తల్లిదండ్రులతో కలిసి వస్తాం. పనికి పోయేవాళ్ళు కాబట్టి టోకెన్లు పొద్దున్నే ఇప్పించమని ముందుగానే మనవి.

ఇట్లు,
హైదరాబాద్ బస్తీల్లో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెబుతున్న రీసెర్చ్ స్కాలర్లు, పీజీ విద్యార్థులు